తొట్టిలో తొలి చేప

కుక్కని పెంచాలంటే తీరిక కావాలి. పిల్లిని పెంచాలంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి. చేపకి ఈ చిక్కులేవీ లేవు. అరవదు, కరవదు, తివాసీ పాడుచెయ్యదు. మనం ఇండియా వెళితే పక్కింటివాళ్ళు వచ్చి చిటికెడు మేత వేస్తే సరిపోతుంది. అందుకే ఈ దేశంలో మనవాళ్ళ ఇళ్ళల్లో, ముఖ్యంగా పిల్లలున్న ఇళ్ళల్లో, ముందుగదిలో ఒక అద్దాల తొట్టి తరచు కనిపిస్తుంది. శనివారం పొద్దున్న దుకాణానికి వెళ్ళి పది గేలన్ల తొట్టి, గులకరాళ్ళు, వడపోత యంత్రం, దీపం, వాటితోబాటే ఆరు చేపలు కొని, మధ్యాహ్నానికి కుళాయి నీళ్ళు నింపి, సాయంత్రానికి దీపం వెలిగిస్తే గదికి కళ వస్తుంది. మరుసటి శనివారానికి ఆరులో నాలుగు మిగులుతాయి. ఆ పై శనివారానికి రెండు. ఇంత చిన్న సంగతిలో ధర్మాధర్మ విచారణకి చోటెక్కడ ఉందని మీరు అడగవచ్చు. ఉందనే నా మనవి.

కొత్త తొట్టి కొనేవారికి చాలాకాలంగా ఒక సలహా చెప్తూ వచ్చారు. ఇప్పటికీ కొన్నిచోట్ల చెప్తున్నారు. "ముందు చవకరకం చేపలు, గట్టి ప్రాణం ఉన్నవి, ఓ నాలుగు వెయ్యండి. ఒకటి రెండు పోయినా పరవాలేదు. నెల తిరిగేసరికి నీళ్ళు కుదుటపడతాయి. అప్పుడు మీకు నచ్చిన మంచి చేపల్ని తెచ్చుకోండి." ఈ సలహా ఇచ్చేవారు దుర్మార్గులేమీ కారు. అనుభవం మీద చెప్పే మాటే అది. అయితే ఈ నాలుగు వాక్యాల్లో ఒక పూర్తి నీతిశాస్త్రం ఉంది. ప్రాణానికి ధర ఉంటుంది. ధర తక్కువైన ప్రాణాన్ని ధర ఎక్కువైన ప్రాణం సుఖం కోసం ఖర్చు పెట్టవచ్చు. ఖర్చు పెట్టేవాడు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర లేదు. ఇదీ ఆ శాస్త్రం. మనుషుల విషయంలో ఎవరైనా ఈ మాటంటే మనం కుర్చీలోంచి లేచి అడ్డుతగులుతాం. చేపల విషయంలో తల ఊపి డబ్బులు చెల్లిస్తాం. ఇది న్యాయమేనా అన్నదే నా ప్రశ్న.

జవాబు వెతికే ముందు, తొలి చేపలు ఎందుకు చస్తాయో తెలియాలి. కారణం తెలియని చావు విధిరాత అనిపిస్తుంది. కారణం తెలిశాక అది మన పూచీ అవుతుంది.

చేప తిన్న తిండిలోని నత్రజనిని చాలామటుకు అమ్మోనియా రూపంలో మొప్పల గుండా నీళ్ళల్లోకి వదిలేస్తుంది. ఏట్లో అయితే ఆ అమ్మోనియా ప్రవాహంలో కలిసిపోతుంది. పది గేలన్లంటే సుమారు 38 లీటర్లు. వెళ్ళటానికి దారి లేదు కనక అక్కడ అది రోజురోజుకీ పేరుకుంటుంది. మొప్పల్ని కాల్చేస్తుంది. నీళ్ళు కంటికి తేటగానే ఉంటాయి. చూసేవాడికి ఏమీ తెలియదు. చేప నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటే పిల్లలు "నాన్నా, ముద్దు పెడుతోంది!" అని చప్పట్లు కొడతారు. అది ముద్దు కాదు, ఊపిరాడకపోవటం. నీళ్ళల్లో క్షారగుణం ఎక్కువైతే ఈ విషం ఇంకా తీవ్రమవుతుంది. పీహెచ్ 7 ఉన్న నీటిలో కంటె 8 ఉన్న నీటిలో, మొత్తం అమ్మోనియా అంతే ఉన్నా, అందులో హానిచేసే భాగం సుమారు పదింతలు ఉంటుంది.

పాత తొట్టిలో ఈ బాధ ఎందుకు లేదంటే, అక్కడ సూక్ష్మజీవుల కాపురం ఉంది. ఒక జాతి అమ్మోనియాని నైట్రైటుగా మారుస్తుంది, మరొక జాతి నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. ఇవి రెండు వేరు వేరు పనులని రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతాల్లో మట్టి మీద పరిశోధన చేసి తేల్చాడు. రెండో పని నైట్రోబాక్టర్ చేస్తుందని మనం కాలేజీలో చదువుకున్నాం; మంచినీటి తొట్లలో ఆ పని ప్రధానంగా చేసేది నైట్రోస్పైరా అనే మరో జాతి అని 1998లో బయటపడింది. రెండు పనులూ ఒంటిచేత్తో చెయ్యగల నైట్రోస్పైరా రకాలు కూడా ఉన్నాయని 2015లో తెలిసింది. ఇవి నీళ్ళల్లో తేలుతూ ఉండవు. గులకరాళ్ళకీ, వడపోత యంత్రంలోని స్పంజికీ అంటిపెట్టుకుని ఉంటాయి. పైగా నిదానస్తులు. మన పేగుల్లో ఉండే కోలై క్రిమి అనుకూల పరిస్థితుల్లో ఇరవై నిమిషాలకొకసారి రెండింతలవుతుంది. వీటికి అదే పనికి ఒక పూటో, ఒక రోజో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. కొత్త తొట్టిలో ఇవి చాలినంతగా పెరగటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తరవాత నైట్రైటు పెరిగి తగ్గుతుంది, చివరికి నైట్రేటు మిగులుతుంది. నైట్రేటు అంత హాని చేసేది కాదు. వారం వారం కొంత నీరు మార్చి, నాలుగు మొక్కలు వేస్తే అదుపులో ఉంటుంది.

నడిమిదైన నైట్రైటు సంగతి మన డాక్టర్లకి వేరే చెప్పనక్కర లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ప్రాణవాయువు మొయ్యలేనట్టుగా మార్చేస్తుంది. చేప రక్తం గోధుమరంగు తిరుగుతుంది. నైట్రేటు ఎక్కువగా ఉన్న బావినీళ్ళతో పాలు కలిపి పట్టిన పసిపిల్లలు నీలంగా మారటాన్ని అయోవాలో ఒక డాక్టరు గమనించి 1945లో ప్రచురించాడు. అక్కడా మూలం ఇదే. చుట్టూ నీళ్ళున్నా, నీళ్ళల్లో గాలున్నా, లోపలికి అందక చచ్చే చావు అది.

ఈ వ్యవహారమంతా మన ఆడవాళ్ళకి ఒక్క మాటలో చెప్పవచ్చు: నీళ్ళు తోడుకోవాలి. పాలు కాచి గిన్నెలో పోసినంత మాత్రాన పెరుగు కాదు. తోడు వెయ్యాలి, కదపకుండా ఆగాలి. ఈ దేశానికి ముందుగా వచ్చినవాళ్ళకి తోడు విలువ బాగా తెలుసు. కొత్తగా కాపురం పెట్టినవారికి పాతకాపు ఇంటినుంచి చిన్న సీసాలో తోడు వెళ్ళేది. తొట్టిదీ అదే లెక్క. పెరుగుకి ఒక రాత్రి, తొట్టికి నలభై రాత్రులు. అంతే తేడా.

ఇంతకీ ఆ చవకరకం గట్టిప్రాణం చేప ఏది? దుకాణంలో ముందుగా చూపించేవాటిలో తరచు ఉండేది జీబ్రా డానియో. అంగుళంన్నర పొడవు, వెండి ఒంటి మీద నీలం చారలు, ఒక్క క్షణం నిలకడ లేని చలాకీ. దాని పుట్టిల్లు మన దేశమూ, ఇరుగుపొరుగు దేశాలూ. అక్కడి వాగుల్లో, మడుగుల్లో, వరిచేల పక్క కాలవల్లో తిరుగుతుంది. గంగానది చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో అచ్చువేసిన పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. 'డానియో' అన్న పేరు వరిచేనుని సూచించే బెంగాలీ మాట 'ధాని' నుంచి వచ్చిందంటారు. మన 'ధాన్యా'నికి ఆ మాట దూరపు చుట్టం కాదు. ఇప్పుడు ఇక్కడి దుకాణాల్లో దొరికేవాటిలో చాలామటుకు ఏటినుంచి పట్టినవి కావు, చెరువుల్లోనూ తొట్లలోనూ పెంచినవి. ఈ దేశంలో రంగుచేపల పెంపకానికి ఫ్లోరిడాలోని టాంపా పరిసరాలు పెద్ద కేంద్రం. అంటే దుకాణంలో మనం చూసే డానియో అక్కడే పుట్టి పెరిగిన పిల్ల అయినా కావచ్చు. ముత్తాతలు మాత్రం మనవైపు వాళ్ళు.

ఈ చేపకి ఇంకో జీవితం ఉంది. ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జి స్ట్రైసింగర్ దీన్ని జన్యుశాస్త్ర పరిశోధనకి పనిముట్టుగా మలిచి 1981లో ఒక ప్రసిద్ధ పత్రం ప్రచురించాడు. అప్పటినుంచి ప్రపంచంలోని ప్రయోగశాలల్లో ఇది పెద్ద పీట వేసుకుని కూర్చుంది. మనుషుల జన్యువుల్లో సుమారు నూటికి డెబ్భైకి ఇందులో జోడీ ఉందని 2013లో లెక్కతేలింది. ఈ చేపతో పనిచేసేవాళ్ళు మీలోనే కొందరు ఉండవచ్చు. కేంద్రప్రభుత్వ ఆరోగ్యశాఖ డబ్బుతో పరిశోధన చేసే ఏ విశ్వవిద్యాలయంలోనైనా సరే, వెన్నెముక ఉన్న జంతువుకి బాధ కలిగించే పని ఏది తలపెట్టినా ముందుగా ఒక సంఘానికి అర్జీ పెట్టుకోవాలి. ఎందుకు చేస్తున్నావు, ఎన్ని చేపలు, ఇంతకంటె తక్కువ బాధతో కుదరదా అని ఆ సంఘం నిలదీస్తుంది. అదే చేపని అదే ఊళ్ళో మనం కొని, అమ్మోనియాలో మూడు వారాలు కాల్చితే అడిగే నాథుడు లేడు. 1966లో వచ్చిన జంతు సంక్షేమ చట్టం చల్లనెత్తురు ప్రాణుల జోలికి పోదు. రోము నగరం 2005లో గుండ్రటి గాజుగిన్నెల్లో చేపల్ని ఉంచకూడదని నిబంధన పెడితే చాలామంది నవ్వుకున్నారు. ఒక జబ్బుకి మందు కనుక్కోవటానికి బాధపెడితే సంజాయిషీ, గది అలంకారానికి బాధపెడితే ఏమీ లేదు. ఉండవలసిన వరసకి ఇది తలకిందులని నాకనిపిస్తుంది.

సరే, అవతలిపక్షం వాదం వినకుండా తీర్పు చెప్పటం తగదు. దాన్ని నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు.

మొదటిది: చేపకి నొప్పి తెలియదు. ఇది తేలిన విషయం కాదు. మనకున్నలాంటి మెదడుపొర లేదు కనక చేపకి నొప్పి అనుభవం ఉండదని 2002లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు జేమ్స్ రోజ్ వాదించాడు. ట్రౌట్ చేప ముఖంలో గాయాన్ని పసికట్టే నాడులున్నాయని, పెదవికి ఘాటైన ఆమ్లం ఎక్కిస్తే అది మేత మానేసి పెదవిని గులకరాళ్ళకి రుద్దుకుంటుందని 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ బృందం చూపించింది. వాదన ఇంకా నడుస్తోంది. కాని అనుమానం ఉన్నప్పుడు దాన్ని ఎవరి పక్షాన వాడాలి? తలుపు వెనక మనిషి ఉన్నాడో లేడో తెలియకపోతే తలుపులోంచి తుపాకీ పేల్చం గదా! తెలియదన్నది ఆగటానికి కారణమవుతుంది గాని సాగటానికి కాదు.

రెండోది: చేపల్ని తినేవాళ్ళం, తొట్టిలో నాలుగు పోతే బాధపడటమేమిటి? ఇది మన గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న. తినటం తప్పా ఒప్పా అన్నది వేరే పెద్ద వివాదం, ఇక్కడ దానికి దిగను. కాని తినేవాడికి ఆకలి అనే కారణం ఒకటుంది. తొట్టిలో చేప ఎవరి ఆకలికీ పోలేదు. మనకి ఆరు వారాలు ఆగే ఓపిక లేక పోయింది. మరో పక్క, చేపని వంటింట్లోకి రానివ్వని శాకాహారులు ముందుగదిలో నెలకి అరడజను చేపల్ని సాగనంపుతూ ఉంటే, ఆ అహింస వంటింటి గడప దాటలేదనే చెప్పాలి.

నిజానికి అమ్మకానికి చేపలు పెంచే రైతుని చూసి మనం నేర్చుకోవలసింది ఉంది. కొల్లేరు చుట్టుపక్కల కైకలూరు, ఆకివీడు వైపు బొచ్చె, శీలావతి పెంచే రైతు చెరువు తవ్వగానే పిల్ల వదలడు. అడుగు ఎండగడతాడు, సున్నం చల్లుతాడు, ఎరువు వేస్తాడు, నీళ్ళు పెట్టి అవి రంగు తిరిగేదాకా ఆగుతాడు. పిల్ల వచ్చాక కూడా సంచీల్ని కాసేపు నీటిమీద తేలనిచ్చి, రెండు నీళ్ళ వేడీ సమానమయ్యాక మూతి విప్పుతాడు. చేపని చంపబోయేవాడే దానికోసం ఆగుతున్నాడు. ముద్దుగా పెంచుకుంటామనేవాళ్ళం ఆగకపోతే ఎలా?

మూడోది: చవక చేప, పోతే మరొకటి కొనవచ్చు. కొనవచ్చు. కాని పక్కనే నిలబడి ఒకరు చూస్తున్నారు. పిల్ల నిద్ర లేచేలోగా చచ్చిన చేపని మరుగుదొడ్లో వదిలి, అదే రంగు చేపని తెచ్చి వేసే తల్లిదండ్రులున్నారు. వారి ఉద్దేశం మంచిదే, పిల్ల ఏడవకూడదని. కాని ఆ పిల్లకి ఒకనాటికి సంగతి తెలుస్తుంది. తెలిసినప్పుడు నేర్చుకునే పాఠం ఏమిటి? ప్రాణి అరిగిపోయే వస్తువు, బల్బులాగ మార్చుకోవచ్చు అని. ఐదారు డాలర్లతో ఆ పాఠం చెప్పటం నాకు చాలా ఖరీదనిపిస్తుంది.

నాలుగోదే అన్నిటికన్నా గట్టిది, మన గుండెకి దగ్గరది. ఎవరో ఒకరు ముందు వెళ్ళక తప్పదు కదా, ఎవరో కష్టపడితేనే తరవాతివారికి నీళ్ళు కుదురుతాయి కదా అన్నది. 1965లో వలసచట్టం మారాక వచ్చిన తొలితరం వారు, మేమూ ఆ తొలి చేపలమే అంటారు. ఎనిమిది డాలర్లతో దిగామని, పప్పు దొరక్క, పలకరింపు దొరక్క, మంచులో బస్సుకోసం నిలబడ్డామని చెప్తారు. 1977లో న్యూయార్కు ఫ్లషింగులో గణపతి గుడి లేచేదాకా పండగ నాడు ఎవరింటి నేలమాళిగలోనో పటం పెట్టుకుని దణ్ణం పెట్టుకున్నవాళ్ళున్నారు. వారి కష్టం నిజం, తరవాత వచ్చినవారి సుఖంలో దానికి భాగం ఉందన్నదీ నిజం.

అయినా ఈ పోలిక రెండు చోట్ల తెగుతుంది. ఒకటి, వాళ్ళు చేతిలో పాస్‌పోర్టుతో, తెలిసి, కోరి వచ్చారు. తనంతట తాను పూనుకున్న కష్టం త్యాగం. ఇంకొకరి నెత్తిన పెట్టిన కష్టానికి ఆ పేరు చెల్లదు. దాన్ని బలి అంటాం. బలిపశువుని త్యాగమూర్తి అని పొగిడి మనం తప్పించుకోలేం. రెండు, తొలితరం మంచివారు తరవాత వచ్చినవారితో "మేం పడ్డాం, మీరూ పడండి" అనలేదు. విమానాశ్రయానికి కారు తీసుకుని వెళ్ళారు, నెలరోజులు ఇంట్లో పెట్టుకున్నారు, బెండకాయలు ఎక్కడ దొరుకుతాయో చెప్పారు, పెరుగుకి తోడు ఇచ్చారు. వారి జీవితం చెప్పే పాఠం ఎవరో ఒకరు బలి కావాలని కాదు. నాకు దొరకని సిద్ధమైన నీళ్ళు నా తరవాతివాడికి దొరకాలని.

ఈ ధర్మం మనకి కొత్తదేమీ కాదు. భాగవతం అష్టమ స్కంధంలో మత్స్యావతార కథ అందరూ చిన్నప్పుడు విన్నదే. సత్యవ్రతుడనే రాజు కృతమాలా నదిలో తర్పణం విడుస్తూ ఉంటే దోసిట్లోకి ఒక చేపపిల్ల వచ్చింది. ఏట్లో వదలబోతే, పెద్ద చేపలు తినేస్తాయి, కాపాడమంది. కమండలంలో వేసుకుని తీసుకెళ్ళాడు. తెల్లారేసరికి కమండలం చాలలేదు. పెద్ద పాత్రలో వేస్తే అదీ చాలలేదు, మడుగూ చాలలేదు, చివరికి సముద్రానికి తీసుకెళ్ళాడు. కథలో ప్రళయం, పడవ, వేదాలు మనకి గుర్తుంటాయి. మొదటి ఘట్టంలోని చిన్న విషయం జారిపోతుంది. ఆ రాజుకి అది దేవుడని అప్పటికి తెలియదు. అది వట్టి చేపపిల్ల. అయినా చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి దానికి తగిన నీళ్ళు చూడటం తన పూచీ అనుకున్నాడు. ఇంత చిన్న ప్రాణికి ఇన్ని పాత్రలా అని విసుక్కోలేదు. "అసలు చేపని గాజుపెట్టెలో పెట్టటమే తప్పు" అనేవారి వాదంలో బలం ఉంది. దాన్ని నేను కొట్టిపారెయ్యను. కాని పెట్టదలుచుకున్నవారికి మాత్రం సత్యవ్రతుడి కొలత వర్తిస్తుంది: చేప రాకముందే నీళ్ళు చూసుకోవాలి.

అలా చూసుకునే మార్గం ఉంది గనకనే ఇంత గట్టిగా చెప్తున్నాను. వేరే దారి లేనప్పుడు చేసినదానికి, దారి ఉండి చేసినదానికి చాలా తేడా ఉంది. లండన్‌లో రాబర్ట్ వారింగ్‌టన్ 1850లో బంగారుచేపలు, నీటిమొక్కలు, నత్తలు కలిపి తొట్టి నిలబెట్టగలమని చూపించిన రోజుల్లో ఈ సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియదు, అప్పటివారిని తప్పుపట్టలేం. ఇప్పుడు తెలుసు. చేప లేకుండానే తొట్టిని తోడుపెట్టవచ్చు. కళాయి వేసేవాడు వాడే నవాసాగరం మీకు గుర్తుందా? అదే అమ్మోనియం క్లోరైడు. శుద్ధమైనది పావుగ్రాము పది గేలన్ల నీళ్ళల్లో కలిపితే లీటరుకి సుమారు రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా అవుతుంది. చేప చెయ్యవలసిన పని ఆ చిటికెడు పొడి చేస్తుంది, దానికి మొప్పలు లేవు. నీళ్ళు గోరువెచ్చగా ఉంచి, వడపోత నడుపుతూ, రెండురోజులకొకసారి రంగుచుక్కల పరీక్ష చేసుకుంటూ, అమ్మోనియా తగ్గినప్పుడల్లా మళ్ళీ అంతే కలుపుతూ పోవాలి. ఒక మోతాదు వేసిన ఇరవైనాలుగు గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకి దిగితే తొట్టి తోడుకున్నట్టు. సగానికి పైగా నీళ్ళు మార్చి, అప్పుడు చేపల్ని, అదీ కొద్దికొద్దిగా, తీసుకురావాలి.

కుళాయి నీళ్ళ విషయంలో ఒక జాగ్రత్త. వెనకటి రోజుల్లో బకెట్లో ఒకరోజు ఉంచితే క్లోరిను ఎగిరిపోయేది. ఇప్పుడు చాలా ఊళ్ళల్లో క్లోరమైన్ కలుపుతున్నారు. వాషింగ్టన్ నగరం 2000లో, శాన్ ఫ్రాన్సిస్కో 2004లో దానికి మారాయి. అది ఒకరోజులో ఎగిరిపోదు. ఫొటోలు కడిగేవాళ్ళు వాడే హైపో వేస్తే విరుగుతుంది గాని అమ్మోనియాని నీళ్ళల్లోనే వదులుతుంది. రెంటినీ పట్టే మందు చూసి కొనాలి. స్పంజిని కుళాయి కింద కడిగితే కాపురమంతా పోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్ళల్లో జాడించాలి.

ఇదివరకే చేపలు వేసేసినవారు ఏం చెయ్యాలి? అక్కడ పూచీ ఇంకా ఎక్కువ. మేత తగ్గించండి, చేప కొన్ని రోజులు తక్కువ తిండితో ఉండగలదు, విషంలో ఉండలేదు. రోజూ పరీక్షించి, అమ్మోనియాగాని నైట్రైటుగాని కనిపించిన రోజున నాలుగో వంతు నుంచి సగం వరకు నీళ్ళు మార్చండి. కొత్త చేపల్ని తేకండి. పుణ్యమని ఊరి చెరువులో మాత్రం వదలకండి. సత్యవ్రతుడి కథకి అది తప్పు అర్థం. మిన్నెసోటాలోని బర్న్స్‌విల్‌లో అలా వదిలిన బంగారుచేపలు కెలర్ చెరువులో ఫుట్‌బాలంతై నీళ్ళని బురద చేశాయని 2021లో ఆ ఊరివాళ్ళే మొత్తుకున్నారు. ఒక చేపకి చేసిన మేలు చెరువులోని మిగతా ప్రాణులకి కీడు కాకూడదు.

ఆరు వారాలు ఖాళీ తొట్టి చూస్తూ కూర్చోవటం పిల్లలకి కష్టమే. "చేపలేవీ?" అని చుట్టాలు కూడా నవ్వుతారు. కాని ఆ ఖాళీ తొట్టిని మించిన బడి నాకు తెలియదు. వారం వారం చుక్కలు వేసి, రంగు చూసి, కాగితం మీద గీత గీస్తూ పోయే పిల్లవాడు కంటికి కనిపించనిది కూడా నిజమని తెలుసుకుంటాడు. ఇంకా రాని అతిథి కోసం ఇల్లు సర్దటం నేర్చుకుంటాడు. చేప పోయాక కలిగే జాలి మంచిదే, కాని దానివల్ల చేపకి ఒరిగేదేమీ లేదు. చేప రాకముందు పట్టే ఓపిక వల్లనే దానికి మేలు.

ఆ ఓపికని తగ్గించే ఉపాయం కూడా ఒకటి ఉంది, అది మన చేతుల్లోనే ఉంది. మీ ఇంట్లో రోగాలు లేని పాత తొట్టి ఉంటే, మన సంఘంలో ఎవరైనా కొత్తగా తొట్టి పెడుతున్నామన్నప్పుడు మీ వడపోతలోని స్పంజి ముక్క ఒకటి కోసి, మీ తొట్టి నీళ్ళతోనే సంచీలో కట్టి, ఎండకుండా ఆ పూటే వారికి అందజెయ్యండి. ఆరు వారాల పని చాలాసార్లు ఒకటి రెండు వారాల్లో తేలిపోతుంది. పెరుగుకి తోడు అడగటానికి మనమెవరం మొహమాటపడలేదు. దీనికీ పడనక్కర లేదు.